అబలాశబ్దమును భండారు అచ్చమాంబయు

అమరకోశములోని మనుష్యవర్గమున స్త్రీకి చెప్పబడిన పర్యాయపదములలో అబల యనునది యొకటి. బలము లేనిది యని దాని వ్యుత్పత్త్యర్థము. వీథిబడిలో కోశమును వల్లించిన బాలుడు ఈ పదమును నారి, వధువు మున్నగు పదములతోపాటు నేర్చికొనెను. స్త్రీ బలహీన యనుట పరీక్షింపదగిన ప్రతిజ్ఞ యని అతనికి తోచుట కవకాశము లేకుండెను. అది పేరులోనే యిమిడియుండెను. ఒక ఆచారము తరతరములుగా సాగి తుదకు స్వభావమువలె కనబడుటయు, అట్లు కనబడిన స్వభావమే మరల ఆ యాచారమునకు హేతువుగా చూపబడుటయు లోకమున అరుదు కాదు. స్త్రీపురుషుల నడవడియందలి భేదము పుట్టుకతో వచ్చినదా, సంఘము నేర్పినదా యను ప్రశ్నలోని చిక్కంతయు ఇందే యున్నది. తెలుగుభాషలో ఈ చిక్కును చరిత్రసాధనముతో విప్పుటకు పూనుకొన్న తొలితరమువారిలో భండారు అచ్చమాంబ ముఖ్యురాలు. ముప్పది యేండ్ల స్వల్పాయుర్దాయమున ఆమె వ్రాసిన గ్రంథమెంత ముఖ్యమో, అట్టి గ్రంథమును వ్రాయగలుగునట్లు ఆమె తన్ను తాను దిద్దికొనిన తీరును అంత ముఖ్యము. గ్రంథము వాదమైనచో జీవితము దానికి సాక్ష్యము.

అచ్చమాంబ 1874వ సంవత్సరమున కృష్ణామండలములోని నందిగామయందు కొమఱ్ఱాజువారి యింట జన్మించెను. తండ్రి వెంకటప్పయ్య, తల్లి గంగమాంబ. చరిత్రపరిశోధకుడుగాను, విజ్ఞానచంద్రికామండలి స్థాపకులలో నొకడుగాను, ఆంధ్రవిజ్ఞానసర్వస్వ నిర్మాతగాను విఖ్యాతి గాంచిన కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు ఆమెకు తమ్ముడు. అతడు 1877వ సంవత్సరమున పెనుగంచిప్రోలున జన్మించెను. ఈ మూడు సంవత్సరముల వయోభేదము తప్ప ఆ యక్కాతమ్ములకు వంశమునందుగాని, గృహవాతావరణమునందుగాని భేదము లేకుండెను. ఐనను వారిలో నొకరికి పాఠశాల సహజమార్గమయ్యెను. మఱియొకరికి అది ఊహింపరాని విషయమయ్యెను.

ఆమె పుట్టిన సంవత్సరము ఆంధ్రదేశమున స్త్రీవిద్యాచరిత్రకును గుర్తుంచుకొనదగినది. కందుకూరి వీరేశలింగము ధవళేశ్వరమున బాలికాపాఠశాలను స్థాపించినదియు, వివేకవర్ధనీపత్రికను ప్రారంభించినదియు 1874లోనే. కొక్కొండ వేంకటరత్నము ఆంధ్రభాషాసంజీవనియందు స్త్రీవిద్యను నిరసించుచు వ్రాయగా, వీరేశలింగము దానికి ప్రత్యుత్తరము లిచ్చుచుండెను. ఆనాడు స్త్రీవిద్యకు విరోధులైనవారు సాధారణముగా చెప్పుచుండిన కారణములు రెండు: స్త్రీకి విద్య నార్జింపగల బుద్ధి లేదనుట మొదటిది, విద్య నార్జించిన స్త్రీ చెడునడత పాలగుననుట రెండవది. ఈ రెండును ఒక్కచోట నిలువవు. బుద్ధియే లేనిచో విద్య అంటదు. అంటని విద్యవలన చెడుటయు పొసగదు. మొదటి కారణము స్వభావమును గూర్చినది. రెండవది భయమును గూర్చినది. రెండవదానిని కప్పుటకై మొదటిది ముందు నిలువబడినదని ఆ వాదముల కూర్పే తెలుపుచున్నది.

అచ్చమాంబకు ఆఱవ యేట తండ్రి గతించెను. పదవ యేట ఆమెకు భండారు మాధవరావుతో వివాహము జరిగెను. ఆయన మధ్యపరగణాలలో ప్రభుత్వమువారి యింజనీరుగా నుద్యోగము చేయుచుండెను. నాటి యాచారమున పదియేండ్ల బాలికకు వివాహము ఒక శిక్షణకు ముగింపును, మఱియొక శిక్షణకు ఆరంభమును గూడ. పెద్దలయెదుట గొంతెత్తక మాటాడుట, నడచునపుడు తల వంచుట, అందఱు భుజించిన పిదప భుజించుట, అడుగకయే పనియందు చొచ్చుట మున్నగునవి అప్పటినుండి అభ్యాసముచే అలవడుచుండెను. ఇవి యభ్యాసములని నేర్పువారికి బాగుగ తెలియును. నేర్వని బాలికను మందలించుటయే అందుకు నిదర్శనము. సహజముగా వచ్చు గుణమునకు మందలింపు అక్కఱలేదు గదా. ఐనను అభ్యాసము పూర్తియైన పిదప దానికి స్త్రీస్వభావ మని పేరు పెట్టబడుచుండెను.

వివాహానంతరము అచ్చమాంబ భర్తతోకూడ ఆంధ్రదేశమును వీడి మధ్యపరగణాలకు తరలిపోయెను. తల్లియు, తమ్ముడును పిదప ఆమెయొద్దకు చేరిరి. లక్ష్మణరావు అచటనే ఉన్నతవిద్య నభ్యసించుచుండెను. అక్కకు పాఠశాల లేదు, ఉపాధ్యాయుడు లేడు. తమ్ముడు చదువుకొను సమయమున అతని ప్రక్కన కూర్చుండి ఆమె అక్షరములను, పిదప తెలుగును, హిందీని నేర్చెను. తరువాతి కాలమున మహారాష్ట్ర, వంగ, గుజరాతీభాషలలో పరిచయమును, కొంత సంస్కృతజ్ఞానమును సంపాదించెను. పాఠశాలలో చదివిన తమ్ముడు బహుభాషావేత్త యగుట విశేషమే. పాఠశాల ముఖమెఱుగని అక్క, ఇంటిపని ముగిసిన పిదప మిగిలిన వేళలలో, ఎరవుపుస్తకముల వెలుగున ఇన్ని భాషలలో ప్రవేశించుట అంతకంటె తక్కువ విశేషము కాదు.

ఈ సంఘటనయొక్క అర్థమును కొంత నిదానించి గ్రహింపవలసియున్నది. బుద్ధి స్త్రీపురుషులయందు పుట్టుకతోనే భిన్నమని చెప్పువాడు ఆ భేదమును చూపుటకు ఇరువురకును సమానమగు అవకాశ మొసగి పరీక్షింపవలెను. అట్టి పరీక్ష ఏ సంఘమును బుద్ధిపూర్వకముగా చేయలేదు. కొమఱ్ఱాజువారి యింట అది యాదృచ్ఛికముగా, సగమే జరిగెను. అవకాశము సమానము కాకుండగనే ఫలము సమానమునకు దగ్గరగా వచ్చెను. ఒక్క యుదాహరణముచే సామాన్యనియమము సిద్ధింపదనుట నిజము. అచ్చమాంబ అసాధారణప్రజ్ఞావతి యనియు, సాధారణస్త్రీకి ఆమె ప్రమాణము కాదనియు ప్రతివాది చెప్పవచ్చును. ఆమె తన గ్రంథమున సమాధాన మీయబూనినది సరిగా ఇట్టి యాక్షేపమునకే.

ఆమె నివసించిన మధ్యపరగణాలు తెలుగు, మహారాష్ట్ర, హిందీభాషలు కలిసికొను చోటు. మహారాష్ట్రమున స్త్రీప్రశ్న అప్పటికే తీవ్రముగ చర్చింపబడుచుండెను. సావిత్రీబాయి ఫూలే 1848లో పుణెయందు బాలికలకు చదువు చెప్ప నారంభించెను. తారాబాయి శిందే 1882లో స్త్రీపురుషతులన మను గ్రంథమును ప్రకటించి, స్త్రీలపై మోపబడిన ప్రతి దోషమును పురుషులయందును చూపి తూచెను. పండిత రమాబాయి అదే సంవత్సరమున స్త్రీధర్మనీతిని ప్రచురించెను. ఆనందీబాయి జోశి 1886లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో వైద్యపట్టమును పొంది, మఱుసటి సంవత్సరమే పరమపదించెను. వంగదేశమున కాదంబినీ గంగోపాధ్యాయ, చంద్రముఖీ బసు అను నిరువురు 1883లో కలకత్తా విశ్వవిద్యాలయమునుండి పట్టభద్రులైరి. తెలుగుదేశమున కూర్చున్న తెలుగు స్త్రీకి ఈ వార్తలు చాల యాలస్యముగా, వడపోసికొని వచ్చుచుండెను. మహారాష్ట్ర, వంగభాషల గ్రంథములను స్వయముగా చదువగలిగిన అచ్చమాంబకు అట్టి అడ్డు లేకుండెను. ఆమె రచనకు గల అఖిలభారతదృష్టికి ఈ భాషాజ్ఞానమే మూలము.

ఆమె జీవితమున దుఃఖము తక్కువ కాదు. ఆమెకు కలిగిన కుమారుడును కుమార్తెయు శైశవముననే మరణించిరి. సంతానము లేని స్త్రీకి నాటి సంఘమున గల స్థానము తెలిసినదే. స్త్రీత్వమునకు మాతృత్వమే పరమార్థమని నమ్మిన సంఘము, ఆ మాతృత్వమును కోలుపోయిన స్త్రీని అసంపూర్ణగా చూచుచుండెను. అచ్చమాంబ తన దుఃఖమును రెండు మార్గములకు మళ్లించెను. అనాథలైన బాలబాలికలను ఇంట చేర్చి పోషించి చదివించుట యొకటి, గ్రంథరచన రెండవది.

ఆమె ప్రధానగ్రంథమగు అబలాసచ్చరిత్రరత్నమాల మొదట వీరేశలింగము సంపాదకత్వమున వెలువడుచుండిన చింతామణీపత్రికలో ప్రకటితమై, 1901లో గ్రంథరూపమున వెలసెను. భారతదేశచరిత్రమున ప్రసిద్ధలైన స్త్రీలు ప్రథమభాగమునకును, వేదపురాణములలోని స్త్రీలు ద్వితీయభాగమునకును, పాశ్చాత్యాది విదేశస్త్రీలు తృతీయభాగమునకును విషయముగా ఆమె ప్రణాళిక వేసికొనెను. ప్రథమభాగమున ముప్పదికి పైగా చరిత్రములు కలవు. వానిలో రాణులు, వీరవనితలు, విదుషులు గలరు. ఈ క్రమమునందే ఆమె వివేకము కనబడుచున్నది. పురాణస్త్రీలను ముందుంచినచో వారు దైవాంశసంభూతలని ప్రతివాది త్రోసివేయవచ్చును. విదేశస్త్రీలను ముందుంచినచో వారి దేశము వేఱు, వారి ధర్మము వేఱు అనవచ్చును. ఈ దేశముననే, ఈ ఆచారములనడుమనే పుట్టి పెరిగి, తేదీలతోకూడిన చరిత్ర గల మానుషస్త్రీలను ముందు నిలిపినపుడు తప్పించుకొను త్రోవ లేదు.

గ్రంథోద్దేశమును ఆమె పీఠికయందు స్పష్టము చేసెను. స్త్రీలు స్వభావముచేతనే దుర్బలలు, బుద్ధిహీనలు, చపలచిత్తలు అను అపవాదము పొసగదని చూపుట మొదటి యుద్దేశము. విద్యవలన స్త్రీలు చెడుదురను భయము నిరాధారమనియు, అది గృహధర్మమునకును దేశమునకును మేలు చేయుననియు చూపుట రెండవ యుద్దేశము. ఇవి పైన పేర్కొనబడిన రెండు ఆక్షేపణలకు క్రమముగా సమాధానములు. ఆమె వాదపద్ధతి న్యాయశాస్త్రమునకు దగ్గరది. ఎచ్చట స్త్రీత్వము కలదో అచ్చట దౌర్బల్యము కలదను వ్యాప్తిని ప్రతివాది చెప్పుచున్నాడు. వ్యాప్తిని భంగపరచుటకు ఒక్క విరుద్ధోదాహరణము చాలును. ఐనను లౌకికవాదమున ఒక్కదానిని అపవాదమని త్రోసివేయుట సులభము గావున, ఆమె వేర్వేరు ప్రాంతములనుండి, వేర్వేరు కాలములనుండి ఉదాహరణములను ప్రోగుచేసెను. అపవాదములు ముప్పదికి మించినపుడు నియమమునే పునర్విచారము చేయవలసియుండును. గ్రంథనామమునందు అబల యను పదమును ఆమె విడువలేదు. దానిని ముందిడుకొని, అది పొసగదని చూపు చరిత్రలను వెనుక కూర్చెను. పేరు మొదటిమాట చెప్పుదానిని గ్రంథము పుటపుటకును ఖండించుచున్నది.

ఆ చరిత్రలలో ఖనాకథ ప్రత్యేకముగ గమనింపదగినది. ఖనా వంగదేశమున సుప్రసిద్ధ యగు జ్యోతిర్విద్యావతి. వ్యవసాయమును, ఋతువులను గూర్చి ఆమె పేర నెన్నో సూక్తులు అచట వాడుకలో నున్నవి. ఆమె వరాహమిహిరుని కోడలనియు, విద్యలో మామను మించినదనియు, అందుచేత ఆమె నాలుక కోయబడెననియు ఐతిహ్యము. ఇది చరిత్ర గాక ఐతిహ్యమే యైనను, ఐతిహ్యములు సంఘముయొక్క అంతరంగమును చరిత్రకంటె స్పష్టముగ తెలుపు సందర్భములు కలవు. స్వభావముచేతనే మాటాడలేని దాని నాలుకను కోయువారుండరు. స్త్రీకి విద్య అబ్బదను నమ్మకము నిజమైనచో ఈ కథ పుట్టియే యుండదు. అబ్బిన విద్యను అణచుట కవసరమగు బలప్రయోగమును కథ దాపఱికము లేక చెప్పుచున్నది.

తెలుగువారి చరిత్రలో ఇట్టి యర్థము గల నిదర్శనము వేఱొకటి కలదు. కాకతీయ రుద్రమదేవి పదుమూడవ శతాబ్దమున రాజ్యమేలెను. ఆనాటి శాసనములలో ఆమె రుద్రదేవమహారాజను పురుషనామముతో పేర్కొనబడెను. రాజ్యపాలనము పురుషగుణమని నమ్మిన సంఘము, స్త్రీ రాజ్యమేలుచుండగా తన నమ్మకమును మార్చుకొనలేదు; ఏలుచున్న స్త్రీ పేరును మార్చెను. లింగమునకు అంటగట్టబడిన నడవడి దేహమునందు గాక వ్యవహారమునందు ఎట్లు నెలకొనియుండునో ఈ యొక్క శాసనవ్యవహారము చాటుచున్నది.

అచ్చమాంబ గ్రంథము వెలువడుకాలమున పాశ్చాత్యశాస్త్రమును ఈ ప్రశ్ననే చర్చించుచుండెను. పారిసునగరమున పాల్ బ్రోకా మెదళ్లను తూచి స్త్రీమస్తిష్కము తేలికయైనదని చెప్పి, దానినిబట్టి బుద్ధిభేదమును ఊహించెను. శరీరపరిమాణమును లెక్కలోనికి తీసికొనుటయందు ఆ పద్ధతి దోషయుక్తమని తరువాతివారు చూపిరి. డార్విను 1871లో ప్రకటించిన మానవావతరణగ్రంథమున పురుషుడు చేపట్టిన ప్రతి విద్యయందును స్త్రీకంటె అధికుడగుచున్నాడని వ్రాసెను. ఆ విద్యలలో ప్రవేశమే స్త్రీకి చాలవఱకు మూయబడియున్నదను విషయమునకు ఆయన తగిన ప్రాధాన్య మీయలేదు. అంతకు రెండేండ్లు ముందు, 1869లో, జాన్ స్టూవర్టు మిల్లు స్త్రీల పరాధీనతనుగూర్చిన గ్రంథమున వేఱుమార్గమును చూపెను. స్త్రీపురుషులు ఇప్పటి సంబంధమున నున్నంతవఱకు స్త్రీయొక్క నిజస్వభావము నెవ్వరును ఎఱుగజాలరనియు, స్వభావమని చెప్పబడుచున్నది కృత్రిమమనియు ఆయన మతము. మిల్లు తర్కముచే సాధింపబూనినదానిని అచ్చమాంబ చరిత్రచే సాధింపబూనెను. ఇరువురును విచారించిన ప్రశ్న ఒక్కటియే.

గ్రంథము వెలువడిన 1901లోనే జరిగిన జనాభాలెక్కలు ఆమె పని యెంత క్లిష్టమైనదో తెలుపును. నాడు భారతదేశమున నూటికి 9.83 మంది పురుషులు అక్షరాస్యులు. స్త్రీలలో అక్షరాస్యులు నూటికి 0.60 మాత్రమే. అనగా వేయిమంది స్త్రీలలో ఆఱుగురు. అచ్చమాంబ ఎవరినిగూర్చి వ్రాసెనో వారిలో నూటికి తొంబదితొమ్మిదిమందికి పైగా ఆ గ్రంథమును చదువలేరు. చదువగలిగినవారు పురుషులే యగుటచేత, ఆమె వాదము మొదట పురుషులను ఒప్పింపవలసియుండెను. గ్రంథమునందలి వినయమునకును, గృహధర్మప్రశంసకును ఇది కొంతవఱకు కారణము కావచ్చును.

కథానికలయందు ఆమె ఇదే విషయమును వేఱొక విధముగా స్పృశించెను. తెలుగు జనానా, హిందూసుందరి మున్నగు పత్రికలలో ఆమె కథలు వెలువడెను. 1902లో హిందూసుందరిలో ప్రకటింపబడిన ధనత్రయోదశి వానిలో ప్రసిద్ధమైనది. దారిద్ర్యమున నున్న భర్త యజమానుని ధనమున కాశపడగా, భార్య అతనిని ఆ పాపమునుండి మరలించుట అందలి యితివృత్తము. గురజాడ అప్పారావు 1910లో వ్రాసిన దిద్దుబాటు తెలుగున మొదటి కథానిక యని చిరకాలము చెప్పబడుచు వచ్చినది. అచ్చమాంబ కథలు మరల వెలుగులోనికి వచ్చిన పిదప ఆ మాట పునర్విచారమునకు వచ్చినది. ఈ పౌర్వాపర్యచర్చ ఆమె కీర్తికి తోడ్పడినదే గాని, ఆ కథలలోని భావమునుగూర్చిన విమర్శను కొంత మఱుగుపఱచినది.

ధనత్రయోదశిలోని భార్య ధర్మవిషయమున భర్తకంటె దృఢచిత్త. అబల యనబడునామెయే బలము గలది యని కథ నిరూపించుచున్నది. కాని ఆ బలము ఎట్టిది? ఓర్చుట, త్యజించుట, భర్తను సన్మార్గమున నిలుపుట. ఇవి యన్నియు సంఘము స్త్రీకి విధించిన గుణములే. బుద్ధివిషయమున స్త్రీపురుషులకు సహజభేదము లేదని రత్నమాలలో వాదించిన అచ్చమాంబ, శీలవిషయమున స్త్రీకి ప్రత్యేకమగు నొక సహజోత్తమత్వమున్నట్లు కథలలో చూపుచున్నది. దౌర్బల్యము నేర్పబడినదైనచో, సహనమును నేర్పబడినదే కావలెను. దోషములకు సంఘమును, గుణములకు స్వభావమును కారణముగ చెప్పుట సమంజసము కాదు. ఈ వైరుధ్యమును ఆమె రచనలు పరిష్కరింపలేదు. గృహధర్మము స్త్రీదే యను మాటను ఆమె పడద్రోయలేదు. ఇది ఆమె యొక్కతె లోపము కాదు. వీరేశలింగము మొదలుగా నాటి సంస్కర్తలలో పెక్కుమంది స్త్రీవిద్యను ఉత్తమగృహిణిని తయారుచేయు సాధనముగనే సమర్థించిరి. ఐనను ఆమెను గౌరవించుట యనగా ఈ యసంపూర్ణతను కప్పిపుచ్చుట కాదు. ప్రశ్నను సగమువఱకు తెచ్చిన తొలితరమువారిలో ఆమె యొకతె. మిగిలిన సగమును చూచుటకు వలసిన సాధనమును ఆమెయే ఇచ్చినది.

రచనతో తృప్తి పడక అచ్చమాంబ 1902లో ఓరుగంటి సుందరీరత్నమాంబతో కలిసి మచిలీపట్టణమున బృందావనస్త్రీసమాజమును స్థాపించెను. మఱుసటి సంవత్సరమున ఆంధ్రదేశమున పర్యటించి పలుచోట్ల స్త్రీసమాజముల స్థాపనకు దోహద మొసగెను. ఈ సమాజములయందు స్త్రీలు పత్రికలు చదువుట, వ్యాసములు వ్రాసికొని వచ్చి సభలో వినిపించుట, తీర్మానములు చేయుట మున్నగువాని నభ్యసించుచుండిరి. పదుగురిలో గొంతెత్తి మాటాడుట స్త్రీస్వభావమునకు విరుద్ధమని చెప్పబడుచుండిన దినములవి. కొద్దికాలపు అభ్యాసముచే ఆ స్వభావము మారుచుండుట సభకు వచ్చినవారు కన్నులార చూచిరి. సిగ్గు నేర్పిన సంఘమొకటి యున్నట్లే, సిగ్గును విడువ నేర్పు సంఘమొకటి నిర్మింపవచ్చునని ఆమె గ్రహించెను. స్త్రీసమాజ మను పేరున ఆమె స్థాపించినది అట్టి రెండవ సంఘమును.

ఆ కార్యము విస్తరించుచున్న దినములలోనే, 1905 జనవరి 18న అచ్చమాంబ పరమపదించెను. రత్నమాలకు ఆమె వేసికొనిన త్రిభాగప్రణాళిక సంపూర్తి కాలేదు. ఆమె మరణించిన సంవత్సరముననే వంగదేశీయురాలగు రొకేయా సఖావత్ హుస్సేన్ సుల్తానాస్వప్న మను ఆంగ్లకథను మద్రాసునుండి వెలువడుచుండిన ఇండియన్ లేడీస్ మ్యాగజైనున ప్రకటించెను. ఆ కథలో స్త్రీలు రాజ్యమును, శాస్త్రమును నడపుదురు. పురుషులు అంతఃపురమున నుందురు. అందుచేత వారే సిగ్గరులు, పిఱికివారు నగుదురు. అచ్చమాంబ గతచరిత్రనుండి ఉదాహరణములు తెచ్చి చూపిన విషయమును రొకేయా ఊహాలోకమున తలక్రిందులు చేసి చూపెను. ఎవరు గృహమున బంధింపబడినను వారికి అవే గుణములు అలవడునని ఆ కథ తాత్పర్యము.

తరువాతి శతాబ్దమున ఈ ప్రశ్న శాస్త్రపరిశోధనకు ముఖ్యవిషయమయ్యెను. 1935లో మార్గరెట్ మీడ్ న్యూగినీలోని మూడు జాతులనుగూర్చి వ్రాయుచు, స్త్రీపురుషుల నడవడి ఒక్కొక్క జాతియందు ఒక్కొక్క తీరున నుండుటను చూపెను. ఆమె నిర్ణయములలో కొన్ని తరువాత సవరణకు గుఱియైనవి. 1949లో సిమోన్ ద బొవార్ స్త్రీత్వము పుట్టుకతో సిద్ధించునది కాక సంఘమున పొందబడునదని ప్రతిపాదించెను. ఐతే అంతయు శిక్షణయే యను మతమును నిలువలేదు. శైశవమున ప్రమాదవశమున అంగచ్ఛేదము పొంది బాలికగా పెంపబడిన ఒక బాలుడు యౌవనమున ఆ జీవితమును త్యజించి పురుషుడుగా జీవించెనని 1997లో ప్రకటితమైన పరిశోధన తెలిపెను. గర్భస్థదశలో పురుషహార్మోనులు అధికముగా సోకిన బాలికలు ఆటవస్తువుల యెన్నికయందు సగటున బాలుర యభిరుచులకు సమీపముగా నుందురనియు తెలిసినది. కావున జన్మయు, శిక్షణయు రెండును నడవడియందు పాలు గలవే. కాని జన్మకు చెందిన భాగము సగటులలో కనబడు కొన్ని యభిరుచులకు సంబంధించినది. దానినుండి విద్యార్హతను, ఆస్తిహక్కును, నోరు మెదపు స్వేచ్ఛను నిర్ణయించుటకు త్రోవ లేదు. అచ్చమాంబ నిరసించినది సహజభేదము కలదను మాటను కాదు; కలదో లేదో పరీక్షింపకయే దానిని స్త్రీకి అవకాశ మీయకుండుటకు హేతువుగా వాడుటను. ఈ భాగమున ఆమె వాదము నేటికిని చెక్కుచెదరలేదు.

ఆ వాదమునకు కాలమే యొక ప్రమాణమును సమకూర్చినది. 1901లో నూటికి 0.60గా నుండిన భారతస్త్రీల అక్షరాస్యత 2011 లెక్కలలో నూటికి 64.6కు పెరిగినది; పురుషులది 80.9. మొదటి లెక్కలో ఒక్కొక్క అక్షరాస్యకు ఎదురుగా పదునాఱుగురు అక్షరాస్యులైన పురుషులుండిరి. నూటపది సంవత్సరములకు ఆ నిష్పత్తి దాదాపు అయిదుగురు పురుషులకు నలుగురు స్త్రీలుగా మారినది. ఇంత స్వల్పకాలమున జాతియొక్క సహజబుద్ధి మారదు. మారినవి పాఠశాలలు, వివాహవయస్సు, తలిదండ్రుల తలంపు. 1901లో స్త్రీస్వభావముగా కనబడినదానిలో ఎంతభాగము తలుపు మూయుటవలన కలిగినదో ఈ యంకెలు చెప్పుచున్నవి. ఇంకను మిగిలియున్న అంతరము ఇంకను పూర్తిగా తెఱువబడని తలుపును సూచించుచున్నది.

అమరకోశమున అబలాశబ్దము నేటికిని ఉన్నచోటనే యున్నది. కోశములనుండి పదములను తొలగించుట పండితుల పని కాదు. ఆ పదము ఎవరు, ఎప్పుడు, ఎందులకు పెట్టిన పేరో చూపుటయు, దాని యర్థమును లోకానుభవముతో సరిచూచుటయు వారి పని. తమ్ముని పుస్తకమును ప్రక్కనుండి చూచి అక్షరములు దిద్దిన నందిగామ బాలిక ఆ పనిని 1901లోనే చేసి చూపినది.